ఈదురుగాలిలో సున్నపు గుట్ట మీదుగా, కాలువ గట్టున

ఈసారి కార్తీకంలో ఊరికి వెళ్ళేసరికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఉంది. పల్నాడు దాకా వచ్చేటప్పటికి తుఫానులో వాన పలచబడుతుంది గానీ గాలి మాత్రం తగ్గదు. పిడుగురాళ్ల దాటాక బస్సు కిటికీ అద్దం పక్కకు తోయగానే ఆ వాసన ముఖానికి కొట్టింది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పడితే వచ్చే వాసన. తొలకరి మట్టివాసనలా తీయగా ఉండదు. వెచ్చగా, పొడిగా, ముక్కు లోపలిదాకా పోయి కాస్త గరగరలాడిస్తుంది. సున్నానికి వాసనేమిటని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతారు. బట్టీల పక్కన పుట్టినవాళ్ళకు అది పొడి సున్నమో, నీళ్ళు తాగుతున్న సున్నమో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.

ఆ వాసనతో ఒక దారి దారంతా గుర్తుకొచ్చింది. ఊరికి పడమర సున్నపురాతి గుట్టలు. గుట్టల అవతలి పాదాన్ని చుట్టుకుని, మళ్ళీ ఊరివైపు తిరిగే కాలువ. సాగర్ కుడికాలువ నుంచి చీలి వచ్చిన పాయ అది. గుట్ట మీదుగా అడ్డంగా పోతే కాలువ రెండు మైళ్ళు. తిరిగి గట్టు వెంట వస్తే నాలుగు మైళ్ళు. దీపావళి వెళ్ళి వానలు వెనకపట్టాక పొద్దున్నే ఎక్కితే అన్నం వేళకు ఇల్లు చేరేవాళ్ళు. సరదా నడక కాదు. సీతాఫలాలకో, తప్పిపోయిన మేకకో, నాపరాళ్ళ బేరానికో, కాలువలో నీళ్ళెంత ఉన్నాయో చూడ్డానికో పెద్దవాళ్ళు బయల్దేరేవారు. పిల్లలు వెంటపడేవాళ్ళు.

*

ఆ గుట్ట మీద నడవడానికి ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి పడుకున్న ఏనుగుల్లా నున్నగా కనబడే రాళ్ళు దగ్గరికి పోతే గంటుగంటుగా, అంచులు దేరి ఉంటాయి. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త పులుపు కలుపుకుని దిగుతుంది. సున్నపురాయి ఆ పులుపుకు కరుగుతుంది. చుక్క జారిన దారిలోనే మళ్ళీ చుక్క జారి, బొటనవేలు పట్టేంత గాడి పడుతుంది. రెండు గాడుల మధ్య మిగిలిన రాయి కొడవలి అంచులా తేలుతుంది. రబ్బరు హవాయి చెప్పులైతే ఒక్క ఏడాదికే అడుగు చీలిపోయేది. అందుకే గుట్టకు పోయేవాళ్ళు లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు వేసుకునేవారు.

తడి రాయి మీద ఎక్కడ అడుగు వేయాలన్నది మొదట నేర్పేవాళ్ళు. గరుకుగా, బూడిదరంగుగా ఉన్నచోట తడిసినా కాలు నిలుస్తుంది. మేకల గిట్టలకు అరిగి మెరిసేచోట నిలవదు. ఆకులు నిండిన పగుళ్ళలో కాలు పెట్టకూడదు. ఆకు కింద లోతెంతో తెలియదు, చీలమండ ఇరుక్కుంటుంది, తేళ్ళు కూడా అక్కడే ఉంటాయి. దిగేటప్పుడు మడమ ముందు ఆన్చకుండా పాదం మొత్తం ఒకేసారి ఆన్చాలి.

ఈదురుగాలి రోజైతే ఇంకో లెక్క. ఆ కాలపు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కనుక గుట్ట వెన్ను మీద కాకుండా నాలుగు గజాలు కిందగా, పడమటి వాలు పట్టుకుని నడిచేవారు. గాలి ఒక్కతీరున వీయదు. ఒక విసురు, తర్వాత సన్నటి జాగా, మళ్ళీ విసురు. విసురు వచ్చినప్పుడు కాళ్ళు ఎడంగా పెట్టి ఆగడం, జాగాలో నాలుగడుగులు వేయడం. గొడుగు ఎవరూ పట్టుకెళ్ళేవారు కాదు, మొదటి విసురుకే తిరగబడుతుంది. గోనెసంచి ఒక మూలను రెండో మూలలోకి దోపి తలమీద వేసుకుంటే వీపుదాకా కప్పేది. చెవులకు తువ్వాలు. సంచి తడిసి బరువెక్కితే గాలికి లేవదు, అదొక మేలు.

పొదలన్నీ ఒకే వైపు ఒరిగి ఉండేవి. బలుసు, గచ్చ, రాళ్ళకు చుట్టుకున్న నల్లేరు, మధ్యమధ్య పసుప్పచ్చగా తంగేడు. ఇంత రాతిలో సీతాఫలం చెట్టు ఎలా బతుకుతుందని ఆశ్చర్యపడనక్కర్లేదు. పగుళ్ళలో నిలిచిన ఎర్రమట్టి దానికి చాలు. నీళ్ళు నిలిచే నల్లరేగడి కంటే ఈ రాతిలోనే అది బాగా కాస్తుంది. కాయ కోతకు వచ్చిందో లేదో చేత్తో నొక్కి చూడకూడదు. కన్నుకూ కన్నుకూ మధ్య గాడి వెడల్పయి, అక్కడి పచ్చదనం పాలిపోయి పసుపు తిరగాలి. దాన్నే కన్ను విచ్చుకోవడం అనేవారు. అలాంటి కాయను కోసి వరిగడ్డిలోనో గోనెలోనో పెడితే రెండు నుంచి నాలుగు రోజుల్లో పండుతుంది. కన్ను విచ్చుకోకముందే కోస్తే పండదు, నల్లబడి రాయిలా ఉండిపోతుంది. గాలి రోజున రాలిన కాయలు ఏరుకోవడం తేలికే గానీ రాతి మీద పడ్డవైపు దెబ్బ తగిలి ఆ మర్నాటికే కుళ్ళుతుంది. అందుకని రాలినవి వేరే సంచి, కోసినవి వేరే సంచి. రాలినవి ఆ రోజు సాయంత్రమే పిల్లల పాలయ్యేవి.

*

గుట్ట ఉత్తరపు అంచున నాపరాతి గుంతలు ఉండేవి. నాపరాయి కూడా సున్నపురాయే, కాకపోతే పొరలుపొరలుగా పేరుకున్నది. పల్నాటి పాత ఇళ్ళలో నేలా అదే, కప్పూ అదే, దొడ్డి చుట్టూ నిలబెట్టిన గోడా అదే. గాలిరోజున కూడా గుంతలో పని ఆగేది కాదు, గుంత లోపల గాలి తగలదు కనుక. పైనుంచి వింటే టంగు, టంగు, టంగు అని ఒకే వరసలో మోగేది.

ఆ చప్పుడులోనే విద్యంతా ఉంది. పైమట్టి తీసేశాక మొదటి రెండు మూడు పొరలు ఎండకూ వానకూ పెచ్చులూడి ఉంటాయి, అవి పనికిరావు. దాని కింది పొర అంచు దొరికాక, పొరకూ పొరకూ మధ్య గీతలో జానెడు ఎడంగా పలుచటి ఉలులు నిలబెడతారు. మొదటి ఉలి మీద ఒక దెబ్బ, రెండో దాని మీద ఒక దెబ్బ, అలా చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి. ఒకే ఉలిని లోపలికి దిగ్గొట్టాలని చూస్తే రాయి అక్కడే పగిలి రెండు ముక్కలవుతుంది. అన్నిటికీ సమానంగా దెబ్బ పడుతూ ఉంటే నాలుగైదు చుట్ల తర్వాత టంగుమనే చప్పుడు బొంగురుపోతుంది. పొర విడిందన్నమాట. అప్పుడు ఉలులు తీసి రెండు గునపాలు దూర్చి, ఇద్దరు కలిసి నెమ్మదిగా ఎత్తుతారు.

తీసిన బండను నిలబెట్టి సుత్తి పిడితో తడతారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల కనబడని చీలిక ఉన్నట్టు. అది నేలకు పనికొస్తుంది గానీ కప్పుకు పనికిరాదు. నేలకు అంగుళం మందం చాలు, కప్పుకు రెండంగుళాలకు తగ్గకూడదు. బండిలో ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆన్చి, మధ్య గడ్డి కూరి తీసుకెళ్ళేవారు. పడుకోబెడితే బండి మొదటి గతుకులో పడగానే మధ్యకు విరుగుతుంది. నిలబెట్టిన రాయి తన బరువు తాను మోస్తుంది.

ఇదే పల్నాటి సున్నపురాయిని అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఎంచుకున్నారు. రేణువు సన్నన, గట్టిదనం మధ్యస్థం. ఉలికి లొంగుతుంది, పద్మం రేకు అంచు కూడా నిలుస్తుంది. మ్యూజియంలో అద్దం వెనక ఆ ఆకుపచ్చ ఛాయ తెలుపును చూసినప్పుడు ఈ ప్రాంతం వాళ్ళకు ముందు బొమ్మ కనబడదు, రాయి కనబడుతుంది. ఇది మా దొడ్డిగోడ రాయి కదా అనిపిస్తుంది.

*

గుట్ట మధ్యలో పిల్లబిలాలు రెండో మూడో ఉండేవి, మనిషి వంగితే పట్టేంత. ఈ ప్రాంతంలో పెద్దది, వేరేచోట ఉన్న గుత్తికొండ బిలం. ముచికుందుడు నిద్రపోయిన చోటు అదేనని, కృష్ణుణ్ణి తరుముకుంటూ లోపలికి వచ్చిన కాలయవనుడు ముచికుందుడి చూపుకు బూడిదయ్యాడని చెబుతారు. తొలి ఏకాదశికి అక్కడ జనం. లోపల చీకట్లో నీళ్ళుంటాయి.

మా గుట్ట మీది పిల్లబిలాలకు కథలేమీ లేవు. కానీ చలి పొద్దున వాటి నోటి దగ్గర చెయ్యి పెడితే లోపలి నుంచి వెచ్చటి గాలి తగిలేది. నడివేసవిలో అదే చోట చల్లగాలి. లోపలి వేడి ఏడాది పొడవునా దాదాపు ఒక్కతీరున ఉంటుంది, మారేది బయటిదే. బిలం ఊపిరి తీస్తోందనేవారు. మేకలకాపరులకు అది ఒక గుర్తు కూడా. ఎక్కడ రాతిపగులు నుంచి వెచ్చటి ఆవిరి తగిలితే అక్కడ కింద ఖాళీ ఉన్నట్టే, అక్కడ బరువు మోపకూడదు. కొన్నిచోట్ల కర్రతో పొడిస్తే కుండ మీద కొట్టినట్టు పలికేది. పిల్లలు అక్కడ గెంతబోతే చెవి మెలిపెట్టి లాక్కొచ్చేవారు.

గుట్ట మీద ఎంత వాన పడినా గంటకు నీళ్ళు కనబడవు. అన్నీ పగుళ్ళలోకి దిగిపోతాయి. అందుకే ఇక్కడ బావి తవ్వడం జూదమయ్యేది. ఇరవై గజాల ఎడంలో రెండు బావులు తవ్వితే ఒకదానిలో మోటకు తరగని నీళ్ళు, ఇంకోదానిలో ఎనభై అడుగులు దిగినా పొడిరాయి. ఇసుకనేలలో నీరు అన్నిపక్కలా పరుచుకుంటుంది, సున్నపురాతిలో పగులు దారినే పోతుంది. ఆ పగులు మీద గడ్డపార పడాలి. వేసవి నడిమధ్యలో కూడా పచ్చగా ఉండే పొదల వరసను పెద్దవాళ్ళు కిందటేడే గుర్తుపెట్టుకునేవారు. రాళ్ళలో అలాంటి రెండు వరసలు కలిసేచోట తవ్వమనేవారు. అన్నిసార్లూ నిజం కాలేదు గానీ కొబ్బరికాయ తిప్పి చూసినదాని కంటే ఎక్కువసార్లే నీళ్ళు పడ్డాయి.

తెల్లగా ఉన్నదల్లా సున్నపురాయి కాదని, పలుగురాయి కూడా తెల్లగానే ఉంటుందని పిల్లలకు చూపించడానికి నిమ్మకాయ కోసేవారు. రాతిని గీకి పొడి రాల్చి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు పిండితే సన్నగా నురగ పొంగుతుంది. పలుగురాయి పొడి మీద ఏమీ జరగదు. చాకు మొనతో గీసినా తెలుస్తుంది. సున్నపురాయి మీద గీత పడుతుంది, పలుగురాయి మీద చాకు మొనే అరుగుతుంది.

*

గుట్ట దిగగానే కాలువ. ఎక్కడో నాగార్జునసాగర్ దగ్గర బయల్దేరిన నీళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు, పొడవు 203 కిలోమీటర్లు. తల దగ్గర 11,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు పట్టేలా కట్టారు. నిండుగా పారితే రోజుకు ఒక టీఎంసీకి, అంటే వంద కోట్ల ఘనపుటడుగులకు కాస్త తక్కువ. ఆ జలాశయం కిందే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగింది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని ఇప్పుడు దీవిగా మిగిలిన కొండ మీదికి చేర్చారు. మాకు అన్నం పెట్టిన నీళ్ళు ఆ నగరం మీదుగా వచ్చాయి. ఈ సంగతి తెలిసిన పెద్దాయన ఒకరు కాలువలో చెయ్యి కడుక్కునే ముందు ఒక్క క్షణం ఆగేవారు.

కాలువ ఎందుకు అంత వంకరగా పోతుందని పిల్లలు అడిగేవారు. గుట్టను తొలిచి సూటిగా తీస్తే పోదా? నీళ్ళకు మైలుకు కొద్ది అంగుళాల వాలు చాలు. అంతకంటే వాలెక్కువైతే వడి పెరిగి గట్టు కోసేస్తుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే గుట్ట పాదాన్ని ఒకే మట్టంలో చుట్టుకుని పోతుంది. మట్టం దిగాల్సిన చోట డ్రాపు కట్టి ఒక్కసారిగా దించేస్తారు. ఆ డ్రాపు హోరు అరమైలు దూరం నుంచి వినబడేది. ఈశాన్యపు గాలి రోజుల్లో మాత్రం దగ్గరికి వచ్చేదాకా వినబడదు, గాలి చప్పుడును వెనక్కి తోసేస్తుంది. గట్టు మీద తెలియని పిల్లలు నడిచేటప్పుడు అదొక ప్రమాదం.

కాలువ కాపలా చూసే లస్కరు తాత గుడిసె ఆ డ్రాపు పక్కనే. ఖాకీ చొక్కా, పంచె, చేతిలో షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటి మట్టం కొలిచే గేజి చూసి పలక మీద సుద్దముక్కతో రాసుకునేవాడు. గాలిరోజున గేజి మీద నీళ్ళు నిలవవు, అల ఎక్కి దిగుతుంటుంది. అప్పుడు పది అలలు చూసి, అల ఎక్కిన అంకె, దిగిన అంకె రెండూ తీసుకుని మధ్యది రాసేవాడు. ఎక్కిన అంకె ఒక్కటే రాస్తే పైవాళ్ళు నీళ్ళెక్కువున్నాయని తగ్గిస్తారు, చివరి పొలాలు ఎండుతాయి.

షట్టరు దించినా కింద నీళ్ళు కారుతుంటే చాలామంది హ్యాండిలు ఇంకా బిగిస్తారు. తాత బిగించనిచ్చేవాడు కాదు. "బలం పెట్టమాకరా అబ్బాయ్, మర వంగిపోద్ది. కింద చెత్త పట్టింది." షట్టరును ఇంకో జానెడు పైకి లేపి, వడికి ఆ గడ్డీ కొమ్మా కొట్టుకుపోయాక మళ్ళీ దించేవాడు. అంచు సరిగ్గా కూర్చునేది. గాలి వీచిన మర్నాడంతా ఆయనకు ఇదే పని. తుమ్మకొమ్మలు, పత్తికట్టె, ఎగిరొచ్చిన గడ్డి తూము నోటికి అడ్డంపడేవి. దోటితో లాగేటప్పుడు నీటికి ఎగువన నిలబడకూడదు, పక్కన నిలబడాలి. చెత్త ఒక్కసారి విడితే మనిషిని కూడా తూములోకి లాగేస్తుంది.

ఈదురుగాలికి కాలువ గట్టు రెండుపక్కలా ఒకేలా దెబ్బతినదు. గాలి ఈశాన్యం నుంచి కొడితే అలలు నైరుతి గట్టును తింటాయి. మట్టిగట్టు అంచున నీటి మట్టం దగ్గర మెట్టులా కోత పడుతుంది. ఆ గట్టున సీమతుమ్మ మండలు నరికి తల నీళ్ళలోకి, మొదలు పైకి వచ్చేలా పరిచి మేకులతో దిగ్గొట్టేవారు. మండల్లో అల విరిగిపోతుంది.

అసలు భయం బుంగది. ఎండ్రకాయో ఎలుకో తొలిచిన బొరియ గట్టు అవతలికి పొడిచిందంటే నీళ్ళు దారి కనుక్కుంటాయి. గట్టు బయటివైపు తడి కనబడగానే తాత ముందు దోసిట్లో ఆ నీళ్ళు పట్టి చూసేవాడు. తేటగా ఉంటే ఊట, కంగారు లేదు. మురికిగా ఉంటే లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం, గంటల్లో గండి పడుతుంది. తెలియనివాళ్ళు చేసే తప్పు బయట నీళ్ళు వచ్చేచోట మట్టి కుక్కడం. అక్కడ మూస్తే నీరు లోపలే ఇంకో దారి చూసుకుంటుంది. మూయాల్సింది కాలువ లోపలివైపు నోరు. నీటి మీద నాలుగు పొట్టుగింజలు చల్లితే ఎక్కడ చిన్న సుడి తిరిగి గింజలు మునుగుతాయో అక్కడ నోరుంది. అక్కడ గడ్డికట్ట దూర్చి, దాని మీద మట్టిబస్తాలు దించి కాలితో తొక్కాలి. బయటివైపు మాత్రం బస్తాలు గుండ్రంగా పేర్చి, వచ్చిన నీళ్ళు అందులో నిలిచేలా చేయాలి. నిలిచిన నీరు ఎదురొత్తిడి ఇస్తే మట్టి కొట్టుకురావడం తగ్గుతుంది. గాలిరోజున అలల్లో సుడి కనబడదు. అప్పుడు గట్టుకు ఆనుకుని మెడలోతు నీళ్ళలో దిగి పాదంతో తడుముకుంటూ పోవడమే. నడుముకు తాడు కట్టి పైన ఇద్దరు పట్టుకునేవారు. కార్తీకపు నీళ్ళు, పైన ఆ గాలి. బయటికి వచ్చాక పళ్ళు టకటకలాడుతుంటే తాతకు ముందు బీడీ, తర్వాత మాట.

సున్నపురాతి మీద తీసిన కాలువకు ఇంకో గుణం ఉంది. పగుళ్ళలోంచి నీళ్ళు దిగి మైలు దూరాన పల్లపు చేలో ఊటగా లేస్తాయి. చివరి భూముల రైతు నీళ్ళు రాలేదని తిడుతుంటే, మధ్యలో ఎవరి చేనో అడగకుండానే జవుకైపోయేది. కాలువ లోపలివైపు సిమెంటు లైనింగు వేశాక ఆ ఊటలు తగ్గాయి. వాటితో పాటు ఆ ఊటల మీద బతికిన బావులు కూడా కొన్ని అడుగంటాయి. ఇందులో ఎవరి పక్షం సరైందో ఇప్పటికీ తేల్చి చెప్పడం కష్టం.

*

బావినీళ్ళకు పప్పు ఉడికేది కాదు. సున్నపురాతి బావి నీళ్ళతో కందిపప్పు ఎసట్లో వేస్తే రెండు గంటలకు కూడా గింజ గింజగానే ఉండేది. కట్టెలు దండగ, సబ్బు నురగరాదు, కాగు లోపల తెల్లటి చెక్కు గట్టేది. ఆ చెక్కును చింతపండు పులుసుతో నానబెట్టి వదిలించేవారు. అదే నిమ్మకాయ లెక్క. కాలువలో నీళ్ళు పారే నెలల్లో ఆడవాళ్ళు స్నానానికీ బట్టలకూ బావినీళ్ళే వాడి, పప్పుకు మాత్రం కాలువకు బిందె పట్టేవారు. ఆ నీళ్ళకు అరగంటలో పప్పు మెత్తబడేది.

కాలువనీళ్ళు ఎర్రగా ఉంటాయి. చిల్లగింజను కుండ లోపలి గోడకు నీళ్ళతో పాటు అరగదీసి రాత్రి కదపకుండా ఉంచితే మట్టి అడుక్కు దిగేది. పొద్దున పైతేట వంచుకుని మరిగించేవారు. గింజ ఎక్కువ అరగదీస్తే నీళ్ళు జిగటగా, కాస్త చేదుగా అవుతాయి. ఒక కడవకు నాలుగైదు చుట్లు తిప్పితే చాలు. ఆ గింజ వంటింటి గూట్లో ఉప్పుజాడీ పక్కన ఉండేది. ఈసారి ఊళ్ళో ఎవరింట్లోనూ కనబడలేదు, ప్రతి గుమ్మం ముందూ ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఉంది. ఆ మార్పుకు ఎవరినీ తప్పు పట్టలేం.

*

కార్తీక అమావాస్య దగ్గర పడితే కాలువ గట్టు మీద జనం పెరిగేవారు. కారంపూడి వెళ్ళేవాళ్ళు. పల్నాటి వీరుల ఉత్సవాలు అమావాస్యతో మొదలై ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, రోజుకొక పేరు. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని ఏటా మళ్ళీ తలుచుకోవడం. ఆయుధాలను నాగులేటిలో కడిగి ఊరేగిస్తారు. మందపోరు నాడు చాపకూడు, కులం చూడకుండా ఒకే చాప మీద అన్నం. బ్రహ్మనాయుడు పెట్టిన వాడుక అని ఊరూరా చెప్పుకుంటారు.

బస్సు ఉన్నా చాలామంది గట్టు వెంటే నడిచేవారు. ముసలివాళ్ళు ముందు, ఆడవాళ్ళు మధ్యలో, కుర్రాళ్ళు వెనక. గాలికి తలపాగా జారకుండా గడ్డం కింద ముడి. ఎవరో ఒకరు బాలచంద్రుడి పద్యం అందుకుంటే గాలి విసురుకు సగం ఎగిరిపోయి, మిగతా సగం వెనకవాళ్ళకు వినబడేది. వాళ్ళు పూర్తిచేసేవారు.

*

తిరుగుదారిలో చివరిది సున్నపు బట్టీ. రెండు నిలువుల ఎత్తు రాతిగోడ బురుజు. పైనుంచి రాయీ బొగ్గూ, కిందినుంచి కాలిన సున్నం. రాయిని పిడికిలంత నుంచి కొబ్బరికాయంత వరకు పగలగొట్టి ఒక పొర రాయి, ఒక పొర బొగ్గు పోస్తారు. మరీ చిన్నముక్కలైతే గాలి ఆడక బట్టీ ఊపిరాడకుండా పోతుంది, మరీ పెద్దవైతే లోపలిదాకా కాలవు. దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. వంద కిలోల మేలిరాయి కాలితే యాభై ఆరు కిలోల సున్నం మిగులుతుంది, తక్కినది గాలిలో కలుస్తుంది. చేత్తో ఎత్తి చూస్తే తెలుస్తుంది. బాగా కాలింది బెండులా తేలిక. మధ్యలో కాలనిది రాయిలాగే బరువుగా ఉంటుంది. అది పక్కకు పడేసి మళ్ళీ బట్టీలో వేస్తారు. ఈదురుగాలి రోజున బట్టీ ఒకపక్క ఎక్కువ మండి రెండోపక్క వెనకబడుతుంది. గాలివైపు గాలిబొక్కలకు తడిమట్టి మెత్తి సగం మూసేవారు.

ఆ పని చేసిన ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ కొబ్బరినూనెతో జిడ్డుగా ఉండేవి, ముఖానికి గుడ్డ. కంట్లో పడితే ఆగకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. ఒంటి మీద పొడి సున్నం పడితే మాత్రం ముందు దులిపి, ఆ తర్వాతే నీళ్ళు. తుఫాను కబురు రాగానే మొదటి పని కాలిన రాయి మీద పట్టా కప్పడం. గోనెల్లో ఉన్న సున్నానికి వాన తగిలితే ఉడికి గోనెలే కాలిపోతాయి. కప్పడం ఆలస్యమై తెల్లారేసరికి గోనెలన్నీ మసైపోయి బూడిదలో తెల్లటి గుట్ట మిగిలిన రోజులున్నాయి.

వానలు వెనకపట్టాక ఊళ్ళో వెల్లలు మొదలయ్యేవి. దొడ్లో గుంత, లేకపోతే సిమెంటు తొట్టి. ముందు నీళ్ళు, తర్వాత రాయి, ఈ వరస తప్పకూడదు. ఒక పాలు రాయికి మూడు పాళ్ళ నీళ్ళు. రాయి మునగగానే చప్పుడుండదు. కాసేపటికి చిటపట, తర్వాత బుడబుడ, ఆపైన తొట్టంతా ఉడుకుతుంది. తొట్టి మీదికి వంగి చూడకూడదు, పొడవాటి కర్రతో పక్కనుంచి కలపాలి. నీళ్ళు చాలకపోతే సున్నం మాడి ఇసుకలా గరగరలాడుతుంది. ఒక్కసారిగా చన్నీళ్ళు ఎక్కువ గుమ్మరిస్తే ఉడుకు ఆగిపోయి గడ్డలు మిగులుతాయి. అతిగా కాలిన ముక్కలు ఆ రోజు ఉడకవు. గోడ మీదికి వెళ్ళాక, నెల తర్వాత ఉబ్బి, పొక్కులై రాలుతాయి. అందుకే కనీసం రెండు రాత్రులు నానబెట్టి, పాతపంచెలో వడకట్టాలి.

బకెట్టుకు గుప్పెడు ఉప్పు, పలుచటి గుడ్డలో మూటగట్టిన చిటికెడు నీలిమందు. పాలంత పలుచగా ఉండాలి. గోడను ముందు తడపాలి, పొడి గోడ తడినంతా లాగేస్తుంది. మొదటి పూత పైనుంచి కిందికి, రెండోది అడ్డంగా. వేసినప్పుడు ఏమీ అంటనట్టే ఉంటుంది, కింది మరకలన్నీ కనబడుతుంటాయి. కొత్తవాళ్ళు అది చూసి చిక్కగా కలిపి మెత్తుతారు, ఆరాక పెచ్చులు లేస్తుంది. ఆరేకొద్దీ తెలుపు పైకి వస్తుందని నమ్మాలి. గాలిరోజున మాత్రం గాలికి ఎదురైన గోడ ముట్టుకోరు. త్వరగా ఆరితే సున్నం గట్టిపడదు, చేత్తో రాస్తే పొడి అంటుతుంది. చాటుగోడ ముందు, గాలిగోడ గాలి నిలిచాక.

ఈసారి ఊళ్ళో ఒక్క ఇంట్లోనే సున్నం నానేశారు, గుడి ప్రహరీకట. తక్కినవాటికి డబ్బా రంగులు. రాత్రంతా గాలి వీచింది. పొద్దున గాలి నిలిచాక తొట్టి దగ్గరికి వెళితే సున్నం అడుక్కు దిగి పైన తేట నిలిచి ఉంది. తేట మీద పల్చగా, అరిటాకు మీది బూడిదపొడి అంత సన్నగా తెల్లటి పొర. సున్నపునీరు గాలి తగిలి మళ్ళీ రాయిగా మారుతుంటే కట్టే పొర అది. ఆ ఇంటి పెద్దమ్మగారు కర్ర పక్కన పెట్టి, ఇంకో రాత్రి ఉండనివ్వమన్నారు. వేలు ఆన్చితే సన్నటి చప్పుడుతో పగిలింది. చూస్తుండగానే పగిలినచోట తేట మళ్ళీ మసకబారడం మొదలైంది.